ఇల్లు మారిన అడుగులు

బాలలూ! మీలో కొందరైనా ఒక బడి మాని ఇంకో బడిలో చేరి ఉంటారు. నాన్నగారికి బదిలీ అయితే ఇంటిల్లిపాదీ కదలవలసిందే గదా! అప్పుడు పాత బడి హెడ్మాస్టరు ఒక టి.సి. రాసి ఇస్తాడు. అందులో మీ పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి ఉంటాయి. కొత్త బడివారు ఆ కాగితం చూసి, తమ రిజిస్టరులో ఎక్కించుకుంటారు. నేను ముప్ఫై ఆరేళ్ళు బడిలో పనిచేసి ఇలాంటి టి.సి.లు లెక్కలేనన్ని రాశాను. అందులో ఒక్క అంకె తప్పు పడితే ఆ పిల్లవాడు ఎన్ని తిప్పలు పడతాడో నాకు బాగా తెలుసు.

ఆమధ్య నా నడకకే టి.సి. రాయవలసి వచ్చింది. నడకకు టి.సి. ఏమిటని నవ్వకండి. సంగతి చెబుతాను, వినండి.

2023 వేసవిలో నాకు గుండె జబ్బు చేసింది. డాక్టరుగారు మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు అనే చిన్న వల గొట్టం అమర్చి నా ప్రాణం నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు ఆయన, "మేష్టారూ, మందులు నేనిస్తాను, నడక మీరు నడవాలి. రోజూ ముప్పావుగంట. ఆయాసం వస్తే ఆగిపోవాలి. దాచకుండా నాకు చెప్పాలి," అన్నారు. సరేనన్నాను.

మా అబ్బాయి నా మణికట్టుకు ఒక వాచీ కట్టాడు. అది కాలం చూపడమే గాక, నేను ఎంత దూరం నడిచానో, నా నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకున్నదో కూడా రాసిపెడుతుంది. ఎలాగంటారా? వాచీ వెనక ఒక పచ్చని దీపం ఉంటుంది. రక్తం పచ్చని వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పొంగుతుంది, వెనక్కు వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలలను లెక్కపెడితే అదే నాడి. ఇక దారి సంగతి: భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, వాచీ తాను ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద ఉన్నదో లెక్క కట్టుకుంటుంది.

రోజూ తెల్లవారుజామున 5 గంటల 15 నిమిషాలకు బయలుదేరి, రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద నడవడం నాకు అలవాటయింది. ఏడాదిన్నర గడిచింది. 2024 డిసెంబరులో ఆ వాచీ చెడిపోయింది. మా అబ్బాయి కొత్తది పంపాడు గాని, అది వేరే కంపెనీది. ఇంతలో పాత కంపెనీవారు, జనవరి నెలాఖరుకు పాత ఖాతాలు మూసివేస్తున్నామనీ, ఎవరి లెక్కలు వారు తీసుకుపోవలసిందనీ కబురు పంపారు. డాక్టరుగారేమో, "పండుగ వెళ్ళాక రండి. ఏడాదిన్నర నడక లెక్క అంతా ఒకేచోట చూపించండి. నెలనెలా మీ నాడి ఎలా మారిందో చూడాలి," అన్నారు.

సమయానికి సంక్రాంతి సెలవులకని హైదరాబాదు నుంచి మా మనవడూ, మనవరాలూ వచ్చారు. వాడు పదో తరగతి, అది ఏడో తరగతి. మనవడు పాత ఖాతా నుంచి నా నడకలన్నీ కంప్యూటరులోకి దింపాడు. మొత్తం 412 ఫైళ్ళు! వాటిని కొత్త ఖాతాలో ఎక్కించబోతే, "ఈ రకం ఫైలు మాకు పనికిరాదు," అని వచ్చింది.

మూడు రకాల టి.సి.లు

"రాత అంతా ఒకటే గదా, పనికిరాకపోవడమేమిటిరా?" అని అడిగాను.

"రాత ఒకటే తాతయ్యా, భాషలే వేరు," అన్నాడు మనవడు.

నిజమే. నడక లెక్కలు రాసిపెట్టే పద్ధతులు ముఖ్యంగా మూడున్నాయి. ఒకటి జి.పి.ఎక్స్. ఇది 2002లో పుట్టింది. దీనిలో దారి పొడుగునా ఒక్కొక్క చుక్కకూ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వేళ రాసి ఉంటాయి. రెండవది టి.సి.ఎక్స్. ఇది గార్మిన్ సంస్థ వారు చేసినది. దీనిలో వాటితోపాటు నడిచిన దూరానికీ, నాడికీ కూడా గళ్ళు ఉంటాయి. ఈ రెండింటినీ తెరిస్తే మామూలు అక్షరాలే కనిపిస్తాయి. కాస్త ఓపిక ఉంటే మనమే చదువుకోవచ్చు.

మూడవది ఫిట్. ఇదీ గార్మిన్ వారిదే. దీన్ని తెరిస్తే మనకు పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించవు. వాచీలో చోటు తక్కువ గదా! అందుకని అంతా అంకెలుగా కుదించి పెడతారు. ఆ కుదించే పద్ధతి తమాషాగా ఉంటుంది. ఎత్తు 20 మీటర్లయితే 20 అని రాయరు. దానికి 500 కలిపి, 5 చేత గుణించి, 2600 అని రాస్తారు. 500 కలపడం ఎందుకు? సముద్రమట్టానికి దిగువన ఉన్న చోట్లు కూడా ఉన్నాయి గదా! మృత సముద్రపు ఒడ్డు 400 మీటర్లకు పైగా కిందనే ఉంది. అలాంటి చోట నడిచినా లెక్క సున్నకు కిందికి పోకుండా ఈ ఏర్పాటు. ఇక 5 చేత గుణిస్తే, మీటరులో అయిదో వంతు తేడా కూడా అందులో ఇముడుతుంది.

అక్షాంశమూ అంతే. 180 డిగ్రీలను 214,74,83,648 ముక్కలు చేసి, ఎన్నో ముక్క మీద ఉన్నామో రాస్తారు. భూమి మీద ఒక ముక్క పొడుగు సుమారు ఒక సెంటీమీటరు. మా ఊరి అక్షాంశం 17 డిగ్రీలు. అది ఫిట్ ఫైలులో 20,28,17,900 అవుతుంది! చూసినవాడికి అది ఊరనే తట్టదు.

వేళను కూడా ఫిట్ ఫైలులో 1989 డిసెంబరు 31వ తేదీ మొదలు ఎన్ని సెకండ్లు గడిచాయో లెక్కగట్టి రాస్తారు. చాలా కంప్యూటర్లు మాత్రం 1970 జనవరి 1 నుంచి లెక్కపెడతాయి. ఈ రెండింటికీ నడుమ 7,304 రోజుల తేడా. దాన్ని కలపడం మరిస్తే, 2024లో నడిచిన నడక 2004లో నడిచినట్టు అవుతుంది. అప్పుడు నాకు జుట్టు నల్లగానే ఉండేది!

ఒకరి కొలతను మరొకరి కొలతలోకి మార్చకుండా వాడితే ఎంత నష్టమో తెలుసా? 1999 సెప్టెంబరులో అమెరికావారు అంగారక గ్రహానికి పంపిన ఒక నౌక ఇలాగే నాశనమయింది. ఒక జట్టు తోపుడు బలాన్ని పౌండ్ల లెక్కలో ఇచ్చింది. రెండో జట్టు దాన్ని న్యూటన్ల లెక్క అనుకున్నది. అంత దూరం వెళ్ళిన నౌక, ఉండవలసిన ఎత్తుకన్న చాలా దిగువకు పోయి, గ్రహపు గాలిలో చిక్కుకున్నది.

అర్ధరాత్రి షికారు

ఫిట్ ఫైళ్ళు చదివే ఉచిత సాధనాలు దొరుకుతాయి. అలాంటి దాన్ని ఆధారం చేసుకుని మా మనవడు ఒక చిన్న ప్రోగ్రాము రాసి, ఒక వారం నడకలను జి.పి.ఎక్స్.లోకి మార్చి కొత్త ఖాతాలో ఎక్కించాడు. పటం మీద గోదావరి గట్టు వెంబడి నా దారి ఎర్రని గీతగా కనిపించింది. అందరం సంతోషించాం.

ఇంతలో మా ఇంటావిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఏమండీ, ఆదివారం రాత్రి పదకొండు గంటల నలభై అయిదు నిమిషాలకు గట్టు మీద మీకేం పని?" అని అడిగింది.

తీరా చూస్తే నిజమే! సోమవారం తెల్లవారుజామున నడిచిన నడక ఆదివారం అర్ధరాత్రికి పోయింది. మనవడు బిక్కమొహం వేశాడు. మనవరాలు కాగితం తీసి లెక్క వేసింది. "5 గంటల 15 నిమిషాల నుంచి వెనక్కు 11 గంటల 45 నిమిషాలకు పోతే, తేడా అయిదున్నర గంటలు. అన్నయ్యా, ఇది గ్రీనిచ్ టైము!" అన్నది.

దాని తెలివికి నేను వీపు తట్టాను. మన దేశపు కాలాన్ని 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనక, 82½ని 15 చేత భాగిస్తే 5½ గంటలు. గ్రీనిచ్ కన్న మనం అంత ముందున్నాం. వాచీలు ఏ దేశంలో ఉన్నా ఫైలులో మాత్రం గ్రీనిచ్‌తో సరిపోయే అంతర్జాతీయ కాలమే రాస్తాయి. అది అంతర్జాతీయ కాలమని తెలియడానికి వేళ చివర 'జెడ్' అనే అక్షరం పెట్టాలి. మావాడు ఆ అక్షరం పెట్టలేదు. అంచేత కొత్త ఖాతా దాన్ని మన ఊరి వేళే అనుకున్నది. ఒక్క అక్షరం చేర్చేసరికి నా అర్ధరాత్రి షికార్లన్నీ తెల్లవారుజాముకు వచ్చేశాయి.

గుండె తప్పిపోయింది

"ఇక అన్నీ ఎక్కించేస్తాను," అంటూ మనవడు తొందరపడ్డాడు. "ఆగరా, ఒక్క నడకను పాతదానితో పక్కపక్కన పెట్టి సరిచూద్దాం," అన్నాను. పాత కాగితం, కొత్త కాగితం సరిచూడనిదే సంతకం పెట్టని అలవాటు నాది.

దారి ఉన్నది, వేళ ఉన్నది. నాడి లేదు! డాక్టరుగారు అడిగిందే లేకుండా పోయింది.

కారణం ఏమంటే, అసలు జి.పి.ఎక్స్. పద్ధతిలో నాడికంటూ సొంత గడి లేదు. చివర "అదనపు వివరాలు" అని ఒక సంచీ తగిలించి అందులో వేయవచ్చు. కాని ఎక్కించేవాడు ఆ సంచీ కట్టాలి, దించుకునేవాడు దాన్ని విప్పాలి. మావాడు కట్టలేదు. పాత బడి టి.సి.లో మార్కుల గడి లేకపోతే, ఆ పిల్లవాడు ఎంత బాగా చదివినా కొత్త బడివారికి ఎలా తెలుస్తుంది?

మనవడు ప్రోగ్రాము మార్చి ఈసారి టి.సి.ఎక్స్.లోకి దింపాడు. నాడి వచ్చింది. అయితే అక్కడక్కడ 255 అని కనిపించి నా గుండె నిజంగానే గుభేలుమన్నది. ఫిట్ ఫైలులో నాడికి ఇచ్చిన చోట 255కు మించి రాయడానికి వీలు లేదు. నాడి అందని క్షణాన "తెలియదు" అనే అర్థంలో ఆ 255నే గుర్తుగా వాడతారు. దాన్ని మావాడు నిజమైన నాడి అనుకున్నాడు. ఆ చోట్ల గడి ఖాళీగా వదలమన్నాను.

ఇంకో చిక్కు. టి.సి.ఎక్స్. పద్ధతిలో పరుగు, సైకిలు, ఇతరం అని మూడే వ్యాయామాలున్నాయి. నడకకు పేరే లేదు! అందుచేత నా నడకలన్నీ "ఇతరం" కింద రాసి, కొత్త ఖాతాలో చేరాక నడకగా మార్చుకున్నాం.

దూరంలో కూడా కొద్ది తేడా వచ్చింది. పాత ఖాతాలో 3.42 కిలోమీటర్లున్న నడక కొత్తదానిలో 3.36 అయింది. ఇది తప్పు కాదు. ఒక వంకర దారిని దారంతో కొలవండి. తరువాత అదే దారిని అగ్గిపుల్లలు పేర్చి కొలవండి. పుల్లలు మలుపుల దగ్గర అడ్డదారిన పోతాయి గనక లెక్క కొంచెం తగ్గుతుంది. చుక్కల నడుమ దూరాలను ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రీతిగా కూడుతుంది. మేము ఏ అంకెనూ దిద్దలేదు.

పది రోజుల ఖాళీ

అన్నీ ఎక్కించాక లెక్క చూశాం. పంపినవి 412, చేరినవి 409. మూడు ఫైళ్ళు మధ్యలో ఛార్జింగు అయిపోయి తెగిపోయినవి. ఫిట్ ఫైలు చివర ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. మార్కుల జాబితా అడుగున మొత్తం వేస్తాం చూడండి, అలాంటిదన్న మాట. పైన ఒక్క అంకె పోయినా కింది సంఖ్య సరిపోదు. ఆ మూడింటినీ అలాగే విడిగా దాచాం.

అప్పుడు మనవరాలు క్యాలెండరు చూస్తూ, "తాతయ్యా, 2024 అక్టోబరులో వరసగా పది రోజులు ఏమీ లేదేం?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోగానే మనవడు, "దానికేముంది? సెప్టెంబరు నడకలు పది తీసి తేదీలు మార్చి ఎక్కిస్తే సరి. అయిదు నిమిషాల పని. లేకపోతే తాతయ్యకు డాక్టరుగారి చేత చీవాట్లు," అన్నాడు.

వాడు నా మీద ప్రేమకొద్దీ అన్నమాటే అది. నిజం చెప్పాలంటే, ఒక క్షణం నాకూ అది బాగానే ఉన్నదనిపించింది. ఎందుకంటే ఆ పది రోజుల సంగతి నాకు తెలుసు. గట్టు మీద నడుస్తూ ఉండగా నాకు ఆయాసం వచ్చింది. దసరాకు పిల్లలు వస్తున్నారు, ఇప్పుడు మళ్ళీ ఆస్పత్రి ఏమిటని ఎవరికీ చెప్పలేదు. మోకాలు పట్టేసిందని ఇంట్లో అబద్ధం చెప్పి, నడక మానుకుని పడుకున్నాను. తరువాత దానంతట అదే తగ్గింది.

కాని రానివాడికి హాజరు వేయవద్దని ముప్ఫై ఆరేళ్ళు టీచర్లకు చెప్పినవాణ్ణి నేను! "వద్దురా నాన్నా! ఈ లెక్క చూసి డాక్టరుగారు మందు రాస్తారు. ఖాళీని ఖాళీగానే ఉండనీ," అన్నాను. ఆపైన ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో కూడా చెప్పేశాను. మా ఇంటావిడ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాను.

సెలవులు అయ్యేలోగానే పిల్లలిద్దరూ నాతో డాక్టరుగారి దగ్గరికి వచ్చారు. ఆయన గీతలన్నీ ఓపికగా చూసి, సరిగ్గా అక్టోబరు దగ్గర ఆగారు. "ఈ ఖాళీకి ముందు మూడు రోజులూ, అదే దారిలో, అదే వేగంతో నడిచినా మీ నాడి ఎప్పటికన్న బాగా ఎక్కువగా కొట్టుకున్నది. ఏం జరిగింది మేష్టారూ?" అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"చేతి వాచీ చెప్పిందే వేదం కాదు. కాని ఎక్కడ వెతకాలో అది చూపించింది," అంటూ ఆయన ఆ రోజే ఇ.సి.జి. మొదలైన పరీక్షలు చేయించారు. పెద్ద ప్రమాదం లేదు గాని, మందు మోతాదు మార్చవలసి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "తాతయ్యా, ఆ పది రోజులూ నేను నింపి ఉంటే..." అన్నాడు. "నింపలేదు గదరా," అని వాడి భుజం మీద చెయ్యి వేశాను.

మీరు చేయవలసి వస్తే

మీ ఇంట్లో కూడా అమ్మకో, నాన్నకో, తాతయ్యకో ఇలాంటి వాచీ ఉండవచ్చు. లెక్కలు ఒక చోటి నుంచి మరో చోటికి మార్చవలసి వస్తే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

అసలు ఫైళ్ళను ముట్టుకోకుండా ఒక చోట దాచి, వాటి నకళ్ళ మీదనే పని చేయండి. ముందు ఒక్క ఫైలు మార్చి, తేదీ, వేళ, దూరం, నాడి నాలుగూ పాతదానితో సరిచూడండి. సరిపోయాకనే మిగతావి ఎక్కించండి. చివర ఎన్ని పంపారో, ఎన్ని చేరాయో లెక్కపెట్టండి.

ఇంకొక్క మాట, పెద్దలకు కూడా. ఈ ఫైళ్ళలో ఇంటి గుమ్మం ఎక్కడున్నదో, ఏ వేళకు ఇంట్లో ఉండరో కూడా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని చోటికి వాటిని పంపి మార్పించుకోవడం కన్న, జి.పి.ఎస్. బేబెల్ వంటి ఉచిత ప్రోగ్రాముతో సొంత కంప్యూటరులోనే మార్చుకోవడం మేలు. స్ట్రావా అనే సంస్థ 2017 నవంబరులో, లోకమంతటా జనం పరుగెత్తిన దారులన్నీ కలిపి ఒక పటం వేసింది. ఎవరి పేరూ అందులో లేదు. అయినా ఎడారుల నడుమ వెలిగే గీతలను బట్టి సైనికుల స్థావరాలు తెలిసిపోతున్నాయని 2018 జనవరిలో పెద్ద గొడవ అయింది. అందుచేత కొత్త ఖాతాలో మీ ఇంటి చుట్టుపక్కల దారి ఇతరులకు కనిపించకుండా పెట్టుకోండి.

ఇప్పుడు మీకొక లెక్క. 1970 జనవరి 1 నుంచి 1989 డిసెంబరు 31 వరకు 7,304 రోజులన్నాను. ఆ మధ్యలో లీపు సంవత్సరాలు ఎన్ని వచ్చాయో చూసి, నా లెక్క సరియో కాదో తేల్చండి. తరువాత ఆ రోజులను సెకండ్లుగా మార్చండి. మీ జవాబు 63,10,65,600 వస్తే, ఫిట్ ఫైలును చదవడంలో మొదటి మెట్టు మీరు ఎక్కినట్టే.

నా సంగతంటారా? రేపు తెల్లవారుజామున 5 గంటల 15 నిమిషాలకు మళ్ళీ గట్టు మీద ఉంటాను. ఇప్పుడు మా ఇంటావిడ కూడా తోడు వస్తున్నది. ఆయాసం వస్తే దాచిపెడతానని ఆవిడ అనుమానం!